పెద్దనాన్న కన్ను, కిటికీ ఊచలు, ఫోను మీద పడ్డ నింద

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం మా పెద్దనాన్న మంచం మీద పడుకుని ఎడమకన్ను నులుముకుంటూ "ఒరేయ్, ఈ కిటికీ ఊచలు ఎవడు వంచాడ్రా?" అని అడిగాడు. ఎవరూ వంచలేదు. ఎడమకంటికి చెయ్యి అడ్డం పెడితే, కుడికంటికి మాత్రం మధ్య రెండు ఊచలు మెలితిరిగినట్టు, వాటి మధ్య కాస్త పొగ పట్టినట్టు కనపడుతున్నాయట. రెండు కళ్ళూ తెరిస్తే అంతా బాగానే ఉంది. చెడ్డ కన్ను లోటుని మంచి కన్ను పూడ్చేస్తుంది కాబట్టి ఇది ఎన్నాళ్ళ నుంచి ఉందో ఆయనకే తెలీదు.

మేం చేసిన మొదటి పని ఆయన్ని కళ్ళజోళ్ళ షాపుకి తీసుకెళ్ళడం. అది పొరపాటని తర్వాత తెలిసింది. షాపతను "ఫోన్ బాగా చూస్తారా సార్" అన్నాడు. చూస్తాడు మరి, రాత్రి పదకొండు దాకా పద్యనాటకాలు చూస్తాడు. ఇంకేముంది, "బ్లూ లైట్ రెటీనాని తినేస్తుంది" అని చెప్పి, చిన్న పెన్ టార్చి ఒకటి తీసి, మామూలు అద్దంలోంచి ఒక కార్డు మీద కొట్టాడు, నీలం మచ్చ పడింది. బ్లూ కట్ అద్దంలోంచి కొట్టాడు, పడలేదు. "చూశారా" అన్నాడు. చూశాం, డబ్బు కట్టాం, జోడు తెచ్చుకున్నాం. పది రోజులకి కూడా ఊచలు తిన్నగా అవ్వకపోతే అప్పుడు రెటీనా డాక్టర్ దగ్గరకెళ్ళాం. ఏఎండీ అన్నారు, అంటే వయసుతో మాక్యులా, అంటే రెటీనా మధ్యభాగం, దెబ్బతినే జబ్బు, అందులో వెట్ రకం, అంటే అక్కడ కొత్త రక్తనాళాలు పిచ్చిగా పెరిగి కారేది. కంట్లో ఇంజెక్షన్ వెయ్యాలి, ఇంకా ముందే రావాల్సింది అన్నారు.

ఇంటికొచ్చాక ఫ్యామిలీ గ్రూపులో అందరిదీ ఒకటే మాట, "ఫోన్ చూడొద్దంటే వినడు కదా". నాకు అది మింగుడుపడలేదు. వెలుతురు రెటీనాని దెబ్బతీస్తుందన్నది అబద్ధం కాదు, అరవై ఏళ్ళుగా ల్యాబుల్లో తేలుతూ వస్తున్న విషయమే. కానీ ఏ వెలుతురు, ఎవరి రెటీనాని, ఏ దారిలో అన్నది విడదీసి చూస్తే, షాపతను చెప్పిన కథకీ అసలు కథకీ చాలా దూరం ఉంది.

ముందు రెటీనా పని చూద్దాం. కంటి వెనక గోడకి అతుక్కుని ఉండే ఈ పల్చటి పొరలో వెలుతురుని పట్టే కణాలు రెండు రకాలు. మసక వెలుతురులో పనిచేసే రాడ్లు 12 కోట్ల దాకా, రంగులూ అక్షరాలూ చూసే కోన్లు 60 లక్షల దాకా ఉంటాయి. మధ్యలో అయిదారు మిల్లీమీటర్ల వెడల్పున ఉండే పసుప్పచ్చ మచ్చే మాక్యులా. మనం దేన్ని తిన్నగా చూస్తున్నా, పేపర్లో అక్షరమైనా ఎదుటి మనిషి ముఖమైనా, ఆ బొమ్మ పడేది అక్కడే. అందుకే అది పోతే మనిషి గుడ్డివాడవడు గానీ, చూడాలనుకున్న చోటే మసక, చుట్టూ అంతా కనపడుతుంది. ఎదురుగా ఉన్న మనిషి ముఖం లేకుండా చెవులూ జుట్టూ మాత్రమే కనపడటం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

వెలుతురుని పట్టే అసలు సరుకు రెటినాల్ అనే చిన్న అణువు, విటమిన్ ఏ నుంచి వస్తుంది. అది ఒప్సిన్ అనే ప్రొటీన్ లోపల వంగి కూర్చుని ఉంటుంది. ఒక్క కాంతి రేణువు తగిలితే చాలు, వంగినది కాస్తా తిన్నగా సాగుతుంది. చూపు అనే తతంగమంతా ఆ ఒక్క కదలికతో మొదలవుతుంది. సాగిన రెటినాల్‌తోనే చిక్కు. అది ఒట్టిగా తిరిగితే విషం లాంటిది, దొరికిన ప్రొటీన్‌కీ కొవ్వుకీ అంటుకుపోతుంది. అందుకని కణం దాన్ని గబగబా నిర్వీర్యం చేసి, పక్కనున్న ఆర్‌పీఈ అనే నల్లటి కణాల పొరకి పంపుతుంది. ఆ పొర దాన్ని మళ్ళీ వంచి వెనక్కి ఇస్తుంది. రోజంతా, బతికినంత కాలం ఇదే పని.

ఈ ఆర్‌పీఈకి ఇంకో చాకిరీ కూడా ఉంది, అదే మన కథకి కీలకం. రాడ్ కణం కొసన పళ్ళాలు దొంతరగా పేర్చినట్టు వందల కొద్దీ బిళ్ళలుంటాయి, రెటినాల్ ఉండేది వాటిలోనే. వెలుతురు తగిలి తగిలి అవి పాడవుతాయి గనక కణం అడుగు నుంచి కొత్తవి కడుతూ, కొసన ఉన్న పాతవాటిని, దాదాపు పదో వంతుని, రోజూ రాల్చేస్తుంది. 1960ల్లో అమెరికాలో రిచర్డ్ యంగ్ అనే శాస్త్రవేత్త దీన్ని కనిపెట్టాడు. ఎలుకల మీద తర్వాత చూస్తే ఇంకో తమాషా బయటపడింది, ఈ రాల్చుడు ఎక్కువగా తెల్లవారి వెలుతురు పడ్డ కాసేపటికే జరుగుతుంది, వాకిలి ఊడ్చే టైముకి అన్నమాట. రాలిన చెత్తని మింగి అరిగించుకోవాల్సింది ఆర్‌పీఈ కణమే. ఒక్కో ఆర్‌పీఈ కణం పదుల సంఖ్యలో రాడ్లకీ కోన్లకీ ఊడిగం చేస్తుంది, పైగా అది మామూలుగా విభజన చెందదు, అంటే పుట్టుకతో వచ్చిన కణమే ఎనభై ఏళ్ళ వరకూ రోజూ ఆ చెత్త తినాలి.

ఎంత తిన్నా కొంత అరగదు. ఆ అరగని మడ్డిని లైపోఫసిన్ అంటారు. కంటి ఫోటో ప్రత్యేకమైన కాంతితో తీస్తే అది మెరుస్తుంది కూడా, డాక్టర్లు ఆ మెరుపుని చూసే ఏ ప్రాంతం పాడవుతోందో అంచనా వేస్తారు. ఆ మడ్డిలో ఏ2ఈ అనే పదార్థం ఉంటుంది, రెండు రెటినాల్ అణువులు ఒకదానికొకటి చిక్కుకుపోతే తయారవుతుంది. వెలుతురు సంగతి ఇక్కడే మొదలవుతుంది. ఈ ఏ2ఈ నీలి కాంతిని, అంటే అల పొడవు 430 నానోమీటర్ల చుట్టుపక్కల ఉండే కాంతిని, బాగా పీల్చుకుంటుంది. పీల్చుకున్న శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కి అంటిస్తుంది. అలా రెచ్చిపోయిన ఆక్సిజన్ కనపడ్డదాన్నల్లా ఆక్సీకరణం చేసేస్తుంది.

అక్కడ ఆక్సిజన్‌కి కరువా అంటే, రెటీనా వెనకున్న కోరాయిడ్ పొరలో రక్త ప్రవాహం, బరువుని బట్టి చూస్తే, శరీరం మొత్తం మీద ఎక్కువైన వాటిలో ఒకటి. మండటానికి సరుకుందా అంటే, రాడ్ల బిళ్ళల నిండా డీహెచ్ఏ అనే నూనె, చేప నూనెలో ఉండేదే. పల్చటి నూనె గాజు సీసాలో పోసి ఎండలో పెడితే ఏమవుతుందో ఇంట్లో ఎవర్నడిగినా చెప్తారు, నాలుగు రోజులకే పాత వాసన కొడుతుంది. నూనె, గాలి, వెలుతురు, ఈ మూడింటినీ ఇంత దగ్గరగా పెట్టుకుని బతికే భాగం ఒంట్లో ఇంకోటి లేదు. ఇన్ని ఉండీ డెబ్భై ఏళ్ళు పనిచేయడమే నాకు వింతగా అనిపిస్తుంది.

ఇక ఎలుకలు. 1966లో అమెరికాలోని బఫెలోలో వెర్నర్ నోయల్ అనే ఆయన, కళ్ళు కాలేంత వెలుతురు కాదు, మామూలు ట్యూబ్‌లైట్ల వెలుతురే గంటల తరబడి ఆపకుండా ఎలుకల మీద వేస్తే వాటి రెటీనా కణాలు చచ్చిపోతున్నాయని చూపించాడు. అప్పటిదాకా వెలుతురు కంటిని చెడగొట్టాలంటే కాల్చాలి, సూర్యుడిలాగా, వెల్డింగ్‌లాగా, అనుకునేవారు. ఎక్కువసేపు తగిలితే మామూలు వెలుతురూ రసాయనికంగా చంపుతుందన్నది కొత్త సంగతి. చీకట్లో పెంచిన ఎలుకలు ఎక్కువ దెబ్బతిన్నాయి, ముందుగా విటమిన్ సి ఇచ్చినవి తక్కువ దెబ్బతిన్నాయి, అనేవి తర్వాత తేలాయి. పదేళ్ళకి, 1976లో, హ్యామ్ అనే శాస్త్రవేత్త బృందం కోతుల కళ్ళ మీద ఒక్కో రంగు కాంతీ వేసి చూస్తే, కాంతి అల పొడవు తగ్గే కొద్దీ అంటే ఎరుపు నుంచి నీలానికి వచ్చే కొద్దీ, చాలా తక్కువ మోతాదుకే రెటీనా పాడయింది. నీలి కాంతి ప్రమాదం అని ఇవాళ మనం వినే మాటకి మూలం అదే. షాపతను చెప్పిన దాంట్లో నిజం పాలు ఇక్కడిదాకానే.

కానీ నాకు ఎలుకల కన్నా, కోతుల కన్నా కుక్కల కథే ఈ జబ్బుని బాగా అర్థం చేయించింది. రొడాప్సిన్, అంటే రాడ్లలో వెలుతురుని పట్టే ప్రొటీన్, దాని జన్యువులో ఒక చిన్న తప్పుతో పుట్టే కుక్కల రకం ఉంది. వాటి రెటీనా చిన్నప్పుడు బాగానే పనిచేస్తుంది. 2005లో వచ్చిన పరిశోధనలో ఏం తేలిందంటే, ఈ కుక్కలకి మామూలుగా క్లినిక్‌లో కంటి వెనక ఫోటో తీసేటప్పుడు వేసే వెలుతురు మోతాదు చాలు, తర్వాతి వారాల్లో అక్కడి కణాలు చచ్చిపోవడానికి. అదే ఫోటో మామూలు కుక్కకి తీస్తే ఏమీ కాదు. వెలుతురు అదే, కెమెరా అదే, తేడా అంతా రెటీనాలో ఉంది. దీనికి తిరగేసిన ప్రయోగం కూడా ఉంది. రెటినాల్‌ని మళ్ళీ వంచే ఎంజైము లేని ఎలుకలకి ఎంత వెలుతురు వేసినా దెబ్బ తగల్లేదు, ఎందుకంటే వాటి కంట్లో పట్టడానికి సరుకే తయారవ్వలేదు. అంటే వెలుతురు ఒక్కటే ఎవర్నీ ఏమీ చెయ్యట్లేదు, లోపల పోగుపడ్డదాన్ని బట్టి చేస్తోంది.

మనుషుల్లో స్టార్‌గార్ట్ అనే జబ్బు ఇలాంటిదే. సాగిన రెటినాల్‌ని బయటికి తోసే పంపు జన్యులోపం వల్ల సరిగ్గా లేకపోతే, చిన్న వయసులోనే మడ్డి పేరుకుని మాక్యులా పాడవుతుంది. ఆ పిల్లలకి ఎండలో నల్లకళ్ళద్దాలూ టోపీ తప్పనిసరి అని డాక్టర్లు చెప్తారు. వయసుతో వచ్చే ఏఎండీ ఇంత సూటిగా ఉండదు, అది ఒక్క తప్పు వల్ల వచ్చేది కాదు.

ముసలితనంలో కంటికి అందే నీలి కాంతి నిజానికి తగ్గుతుంది, ఇది చాలామందికి తట్టని విషయం. కంటి లోపలి కటకం ఏళ్ళు గడిచే కొద్దీ పసుపెక్కుతుంది, చివరికి శుక్లం అవుతుంది. ఆ పసుపు నీలాన్ని ఆపేస్తుంది. ఇక అతినీలలోహితం, అదే యూవీ, పెద్దవాళ్ళ కంట్లో రెటీనా దాకా వచ్చేది చాలా తక్కువ, కార్నియా కొంత, కటకం కొంత మింగేస్తాయి. అందుకే యూవీ నష్టం ఎక్కువగా శుక్లాల రూపంలో కనపడుతుంది గానీ మాక్యులా దాకా పోదు. మరి మోతాదు తగ్గుతుంటే జబ్బు ఎందుకు పెరుగుతుంది? మడ్డి పెరుగుతుంది కాబట్టి. తుడిచే చెయ్యి నెమ్మదిస్తుంది కాబట్టి. ఆర్‌పీఈకీ దాని వెనకున్న రక్తనాళాలకీ మధ్య ఉండే పొర మందంగా, జిడ్డుగా అవుతుంది, తిండి లోపలికి రాదు, చెత్త బయటికి పోదు. ఆ పొర మీద డ్రూసెన్ అనే పసుపు గుట్టలు లేస్తాయి. డాక్టర్ కంట్లో చుక్కలేసి లోపలికి చూసి మొట్టమొదట గుర్తుపట్టేది వాటినే.

ఈ దశలో పెద్దవాళ్ళు చెప్పే ఒక మాట మీకు తెలిసే ఉంటుంది. ఎండలోంచి ఇంట్లోకొస్తే "కళ్ళు బైర్లు కమ్మి చాలాసేపటిదాకా ఏమీ కనపడట్లేదు" అంటారు. ఏఎండీలో ముందు పోయేది మాక్యులా నడిమధ్య చుట్టూ ఉండే రాడ్లే, చీకటికి అలవాటుపడటం నెమ్మదించడం దాని తొలి గుర్తుల్లో ఒకటి. రెటినాల్ తిరిగి రావడానికి పట్టే టైము పెరిగిందన్నమాట. మనం దాన్ని వయసు మీద పడింది అని కొట్టిపారేస్తాం.

ఇంకో వైపు నుంచి 2005లో పెద్ద సంగతి బయటపడింది. ఒంట్లో సూక్ష్మజీవుల్ని చంపే కాంప్లిమెంట్ అనే రక్షణ వ్యవస్థకి కళ్ళెం వేసే ఒక జన్యువులో చిన్న తేడా ఉన్నవాళ్ళకి ఏఎండీ ఎక్కువ వస్తుందని ఒకేసారి చాలా బృందాలు చెప్పాయి. దీనికీ వెలుతురుకీ ఏం సంబంధం అనుకున్నారు అంతా. మరుసటి ఏడాదే ల్యాబులో, వెలుతురు తగిలి విరిగిపోయిన ఏ2ఈ ముక్కలు ఈ కాంప్లిమెంట్‌ని రెచ్చగొడతాయని చూపించారు. ముక్కలు ఎక్కువ, కళ్ళెం వదులు, అక్కడ మంట రగులుతుంది. ఇది గిన్నెలో కణాల మీద జరిగిన పని, మనిషి కంట్లో అచ్చంగా ఇలాగే జరుగుతోందని దీంతో రుజువైపోదు, కానీ వెలుతురునీ వంశాన్నీ ఒకే తాడుకి కట్టే గట్టి ముడి ఇదే అనిపిస్తుంది నాకు.

మరి ఎండలో బతికిన మనుషుల సంగతి? ఇక్కడ శాస్త్రం తడబడింది. అమెరికాలో చెసపీక్ అఖాతంలో పీతలూ ఆలిచిప్పలూ పట్టే 838 మంది జాలర్లని పరీక్షించారు. నీటి మీద ఎండ, కింద నుంచి తిరిగి కొట్టే ఎండ, రెండూ తినే మనుషులు. వాళ్ళలో యూవీకి శుక్లాలతో సంబంధం కనపడింది గానీ మాక్యులాతో కనపడలేదు. కాకపోతే 1992లో మళ్ళీ లెక్క చూస్తే, ఏఎండీ బాగా ముదిరిన వాళ్ళకి అంతకు ముందు 20 ఏళ్ళలో నీలి కాంతి, మొత్తం కనపడే కాంతి ఎక్కువ తగిలిందని తేలింది. అయితే అలా ముదిరినవాళ్ళు ఎనిమిది మందే. విస్కాన్సిన్‌లోని బీవర్ డామ్ ఊళ్ళో జరిగిన పెద్ద సర్వేలో, టీనేజీలోనూ ముప్పైల్లోనూ వేసవి ఎండలో ఎక్కువగా గడిపినవాళ్ళకి తొలిదశ ఏఎండీ ఎక్కువ కనపడింది, అంచు టోపీ, నల్లకళ్ళద్దాలు వాడినవాళ్ళకి కొన్ని మార్పులు తక్కువ. ఫ్రాన్స్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ జరిగిన అధ్యయనాల్లో ఈ సంబంధం గట్టిగా దొరకలేదు, ఒకదాంట్లో అయితే తిరగబడింది, జబ్బు లేనివాళ్ళే ఎండలో ఎక్కువ ఉన్నారు. ఎండకి కళ్ళు మండేవాళ్ళు ముందే నీడపట్టుకి చేరతారు కదా, అది కూడా లెక్కని తారుమారు చేస్తుంది.

ఇంత గందరగోళం ఎందుకో మా పెద్దనాన్నని అడిగితే తెలిసింది నాకు. "ముప్పై ఏళ్ళ వయసులో రోజుకి ఎన్ని గంటలు ఎండలో ఉండేవాడివి పెద్దనాన్నా" అంటే నవ్వాడు. "ఊడ్పులప్పుడా, కోతలప్పుడా, చెరువు మీద కాపలా ఉన్నప్పుడా?" అన్నాడు. ఆ జవాబుని ఏ ఫారంలో రాస్తాం? నలభై ఏళ్ళ కిందటి ఎండని జ్ఞాపకంతో కొలిచే లెక్కలు ఇవి, వాటి నుంచి ఇంతకన్నా స్పష్టత ఆశించకూడదు. యూరప్‌లో 2008లో వచ్చిన అధ్యయనం ఒకటి మాత్రం నాకు అర్థవంతంగా అనిపించింది. అందరినీ కలిపి చూస్తే నీలి కాంతికీ వెట్ ఏఎండీకీ సంబంధం లేదు, కానీ రక్తంలో విటమిన్ సి, జియాజాంథిన్ అనే పసుపు రంగు పదార్థం లాంటివి తక్కువ ఉన్నవాళ్ళని విడదీసి చూస్తే సంబంధం బయటపడింది. కుక్కల కథే మళ్ళీ.

మన దగ్గర లెక్క లేకపోలేదు. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళు 1996 నుంచి 2000 దాకా హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో 10,293 మందిని పరీక్షించారు. నలభై దాటినవాళ్ళలో 1.82 శాతం మందికి ఏఎండీ ఉంది. దానితో గట్టిగా ముడిపడ్డవాటిలో వయసు కాకుండా కనపడింది చుట్ట. అవును, చుట్టే. ప్రపంచంలో ఎక్కడ చూసినా మన చేతిలో ఉన్న కారణాల్లో పొగదే మొదటి స్థానం, పొగతాగేవాళ్ళకి ముప్పు రెండు మూడు రెట్లు. మా పెద్దనాన్నది పాలకొల్లు పక్క పల్లె, అరవయ్యో ఏడు దాకా రోజుకి నాలుగు చుట్టలు, బోదె గట్టు మీద కూర్చుని మధ్యాహ్నం ఎండలో కాల్చేవాడు. గ్రూపులో ఒక్కరు కూడా చుట్ట మాట ఎత్తలేదు. ఫోను కొత్తది కదా, నింద దాని మీద వేయడం సుఖం.

సరే, ఫోను. ఎండలో మిట్టమధ్యాహ్నం లక్ష లక్స్ వెలుతురు ఉంటుంది. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద రెండు మూడు వందలు. చీకట్లో ముఖం దగ్గర పెట్టుకున్న ఫోను ఇచ్చేది పదుల్లో. 2016లో బ్రిటన్ పరిశోధకులు బల్బులూ ఫోన్లూ ట్యాబ్‌లూ కొలిచి, ఎంతసేపు చూసినా అవి రెటీనా భద్రతా పరిమితికి దిగువనే ఉన్నాయని చెప్పారు. మేడ మీద నిలబడి ఆకాశం చూసినా అంతకన్నా ఎక్కువ నీలం కంట్లో పడుతుంది. "ఫోన్లు గుడ్డివాళ్ళని చేస్తాయి" అని 2018లో ప్రపంచమంతా హెడ్‌లైన్లు వచ్చాయి గుర్తుందా, అది టొలీడో యూనివర్సిటీ ప్రయోగం. వాళ్ళు గిన్నెలో పెంచిన కణాలకి రెటినాల్ కలిపి, నీలి కాంతి వేస్తే అవి చచ్చిపోయాయి. కానీ అవి రెటీనా కణాలే కాదు, ల్యాబుల్లో అన్నిటికీ వాడే క్యాన్సర్ కణాలు ఎక్కువగా. కంట్లో రెటినాల్ అలా ఒట్టిగా ఈదుతూ ఉండదు, ఆ వెలుతురు ఫోను వెలుతురూ కాదు. ప్రయోగం తప్పు కాదు, హెడ్‌లైనే తప్పు. నిద్రకి ముందు ఫోను చూస్తే నిద్ర చెడుతుంది, అది వేరే గొడవ, దానికి ఈ జబ్బుతో పని లేదు.

ఇక ఆ పెన్ టార్చి మ్యాజిక్ గురించి. ఆ టార్చిలో ఉండేది దాదాపు 405 నానోమీటర్ల ఊదా కాంతి. ఫోను తెరలో నీలం ఎక్కువగా ఉండేది 450 చుట్టూ. బ్లూ కట్ అద్దం 405ని బాగా ఆపుతుంది, 450ని చాలావరకూ వదిలేస్తుంది. మొత్తం మీద ఇవి ఆపే నీలం 10 నుంచి 25 శాతం. అంటే ఫోను నుంచి పెద్దగా రాని కాంతిని ఆపి చూపించి, ఫోను నుంచి కాపాడతామని అమ్మారు మాకు. అద్దం మోసం కాదు, టార్చి ఎంపికలో ఉంది చమత్కారం. పైగా శుక్లం ఆపరేషన్ కాని డెబ్భై దాటిన కంట్లో ఆ 405ని ఆపడానికి పసుపెక్కిన కటకం ఎప్పటినుంచో ఉచితంగా పనిచేస్తోంది. బ్రిటన్‌లో ఇలాంటి ప్రకటనే ఇచ్చిన ఒక పెద్ద కళ్ళజోళ్ళ సంస్థకి 2017లో 40 వేల పౌండ్ల జరిమానా పడింది. వైద్య పరిశోధనల్ని కలిపి తూచే కాక్రేన్ అనే సంస్థ వాళ్ళు 2023లో 17 ట్రయల్స్ కలిపి చూసి, కంటి అలసట మీద వీటి ప్రభావం దాదాపు లేదన్నారు, మాక్యులా మీద ప్రభావం చెప్పడానికి ఆధారమే దొరకలేదన్నారు.

సూర్యుణ్ణి తిన్నగా చూడటం మాత్రం పూర్తిగా వేరే. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన మీదుగా పోయింది, హైదరాబాద్ దగ్గర జాపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో శాస్త్రవేత్తలు దూరదర్శినులు పెట్టుకుని చూస్తే మిగతా జనం తలుపులేసుకుని కూర్చున్నారు. ఆ భయంలో సగం మూఢనమ్మకమైనా సగం సబబే. సూర్యుణ్ణి కొద్దిసేపు చూసినా మాక్యులా మధ్యలో శాశ్వతంగా చుక్క పడొచ్చు. అది భూతద్దం కింద కాగితం కాలినట్టు అనుకుంటాం గానీ, వెలుతురుకి కంటిపాప ముడుచుకుని ఉంటుంది గనక అక్కడ వేడి పెరిగేది కొద్ది డిగ్రీలే. చంపేది ఎక్కువగా రసాయన చర్యే, పైన చెప్పుకున్నదే, కాకపోతే యాభై ఏళ్ళలో జరగాల్సింది నిమిషాల్లో.

శుక్లాల ఆపరేషన్ అయినవాళ్ళకి ఇంకో సందేహం ఉంటుంది, పసుపు కటకం తీసేశాక నీలం అంతా లోపలికి పోదా అని. పోతుంది. పెద్దనాన్నకి ఆ ఆపరేషన్ అయిన రెండో రోజు కట్టు విప్పగానే "పంచెకి నీలిమందు ఎక్కువైందే" అన్నాడు పెద్దమ్మతో. పంచె ఎప్పటిదే, పదేళ్ళుగా కోల్పోయిన నీలం ఆయనకి తిరిగొచ్చింది. ఇప్పటి లెన్సులు దాదాపు అన్నీ యూవీని ఆపుతాయి, సోడాబుడ్డి కళ్ళద్దాల కాలంలో అసలు కటకమే ఉండేది కాదు. నీలాన్ని కూడా ఆపే పసుపు లెన్సులు ఇంకాస్త ధరకి అమ్ముతారు, వాటివల్ల మాక్యులాకి మేలు జరిగిందనే స్పష్టమైన ఆధారం 2018లో చూసినప్పుడు కాక్రేన్‌కి దొరకలేదు. మన సర్వేలో ఆపరేషన్ అయినవాళ్ళలో ఏఎండీ ఎక్కువ కనపడింది నిజమే, కానీ తర్వాత అమెరికాలో వేల మందిని ఏళ్ళ తరబడి వెంబడించి చూసిన అధ్యయనంలో ఆపరేషన్ వల్ల జబ్బు ముదిరినట్టు తేలలేదు. భయపడి శుక్లాలు ముదరబెట్టుకోవడం తెలివి కాదు.

ఇంకో చిన్న విడ్డూరం చెప్పి ముందుకెళ్తాను. వెలుతురు వల్ల కణాలు చచ్చే ఈ గుణాన్నే డాక్టర్లు కొన్నేళ్ళు మందుగా వాడారు. 2000 ప్రాంతంలో వెట్ ఏఎండీకి, చేతి నరంలోకి వెర్టిపోర్ఫిన్ అనే మందు ఎక్కించి, అది కంట్లో పిచ్చిగా పెరిగిన రక్తనాళాలకి చేరాక 689 నానోమీటర్ల ఎర్ర లేజర్ 83 సెకన్ల పాటు వేసేవారు. వెలుతురు తగిలిన మందు ఆక్సిజన్‌ని రెచ్చగొట్టి ఆ నాళాలని మూసేసేది. పేషెంటు తర్వాత అయిదు రోజులు ఎండ కన్నెరగకూడదు, లేదంటే చర్మమూ అలాగే కాలుతుంది. ఇప్పుడు రక్తనాళాల్ని పెంచే వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ని ఆపే ఇంజెక్షన్లు వచ్చాక దాని వాడకం బాగా తగ్గింది.

మాక్యులాకి తనదైన ఎండ కళ్ళద్దం కూడా ఉంది, ఆ పసుప్పచ్చ మచ్చే. ల్యూటిన్, జియాజాంథిన్ అనే రెండు రంగులు అక్కడ పోగుపడి నీలాన్ని ఆపుతాయి. ఒళ్ళు వాటిని తయారుచేసుకోలేదు, తినాల్సిందే. జియాజాంథిన్ పేరులో జియా మొక్కజొన్న శాస్త్రీయ నామంలోది, పొత్తుకి పసుపు ఇచ్చేవాటిలో అదీ ఒకటి. ల్యూటిన్ పాలకూర, తోటకూర, మునగాకులో, గుడ్డు పచ్చసొనలో ఉంటుంది. ఇలాంటి పోషకాల్ని మాత్రల రూపంలో ఇచ్చి అమెరికాలో పెద్ద ట్రయల్స్ చేశారు, 2001లో ఒకదాని ఫలితాలు, 2013లో రెండోదానివి వచ్చాయి. మధ్యస్థ దశలో ఉన్నవాళ్ళకి విటమిన్ సి, ఈ, బీటా కెరోటిన్, జింకు, రాగి కలిపిన మాత్రలు ముదిరే ముప్పుని అయిదేళ్ళలో పావు వంతు దాకా తగ్గించాయి, రెండో దాంట్లో బీటా కెరోటిన్ తీసేసి ల్యూటిన్ పెట్టారు, ఎందుకంటే పొగతాగేవాళ్ళలో బీటా కెరోటిన్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌ని పెంచింది. జబ్బు లేనివాళ్ళకి ఈ మాత్రలతో ఉపయోగం కనపడలేదు. మెడికల్ షాపులో "కంటికి మంచిది" అని అడక్కుండానే ఇస్తే తీసుకోకండి, డాక్టర్ దశ చూసి చెప్పాలి.

ఎండలో తిరిగేవాళ్ళకి అంచున్న టోపీ, గొడుగు, మంచి నల్లకళ్ళద్దాలు వాడమనే నేను చెప్తాను. రుజువు సంపూర్ణం కాకపోయినా ఖర్చు తక్కువ, శుక్లాలకైతే ఎలాగూ మేలు. తలపాగా నెత్తిని కాస్తుంది గానీ కళ్ళకి నీడనివ్వదు. చుట్ట మానడం వీటన్నిటికన్నా ఎక్కువ పని చేస్తుంది. యాభై దాటాక, వారానికోసారి ఒక కన్ను మూసి ఇంకో కంటితో కిటికీ ఊచలో, గోడ పలకల గీతలో చూడండి. వంకర కనపడితే కళ్ళజోళ్ళ షాపుకి కాదు, ఆ వారంలోనే రెటీనా డాక్టర్ దగ్గరకి.

మా ఇంట్లో ఇంకో పని కూడా చేశాం, చెప్పడానికి సిగ్గుగా ఉంది. వెలుతురు కంటికి చెడు అని చదివి, పెద్దనాన్న గదికి ముదురు కర్టెన్లు కట్టి, ట్యూబ్‌లైటు తీసి చిన్న బల్బు పెట్టాం. రెండో రోజే గడప తగిలి ముందుకి తూలాడు, పెద్దమ్మ పట్టుకుంది కాబట్టి సరిపోయింది. మూడో ఇంజెక్షన్‌కి వెళ్ళినప్పుడు డాక్టరుకి గర్వంగా చెప్పాం ఈ సంగతి. ఆమె తల పట్టుకుంది. దెబ్బతిన్న మాక్యులాకి చదవడానికి వెలుతురు ఎక్కువ కావాలమ్మా, తక్కువ కాదు, ఇంట్లో దీపం వల్ల ఆయన కంటికి ఏమీ కాదు, కర్టెన్లు పీకేసి ఒక మంచి టేబుల్ ల్యాంపు కొనండి అంది. ఇప్పుడది ఎడమ భుజం మీదుగా పేపరు మీద పడేలా పెట్టాం. పొద్దున్నే దాని కింద కూర్చుని, ఒక కన్ను మూసి ముందు కిటికీ ఊచలు లెక్కపెట్టుకుని, తర్వాత జిల్లా పేజీ తీస్తాడు.